తెర మీద బంతి, గుమ్మం దగ్గర సంచులు

1988 జూన్‌లో నన్ను సికింద్రాబాద్ హెడ్ ఆఫీసు నుంచి వరంగల్ బ్రాంచికి ఇ.డి.పి. ఆఫీసరుగా బదిలీ చేశారు. మాది పత్తి కొని, జిన్నింగ్ మిల్లులో గింజ తీయించి, బేళ్లు కట్టి మిల్లులకు అమ్మే ప్రైవేటు కంపెనీ. ఇ.డి.పి. అనేది ఆ రోజుల్లో ఆఫీసుల్లో కంప్యూటర్ విభాగానికి ఉన్న పేరు. హోదా ప్రకారం నేను బ్రాంచి మేనేజరుకు కింద, అకౌంటెంటుకు సమానం. అయితే నా గదిలో ఏసీ ఉండేది, అకౌంటెంటు గదిలో ఫ్యాను ఉండేది. అందువల్ల నేను ఆయనకంటే కొంచెం ఎక్కువవాణ్ననే నమ్మకం నాకు మొదటి వారంలోనే కుదిరింది. తర్వాత జరిగిన చాలా వాటికి ఆ నమ్మకమే కారణం.

స్టేషన్ రోడ్డులో మా ఆఫీసు. మేడ మీద అద్దాల గదిలో ఒక సర్వర్, దానికి నల్లని కేబుల్‌తో కలిపిన ఆరు కంప్యూటర్లు. ఆ ఆరింటిని నోడ్లు అనేవాళ్లం. జిల్లాలో ఒక వ్యాపార సంస్థకు ఇలాంటి నెట్‌వర్క్ ఉండటం అప్పట్లో వింతే. చూడటానికి కాలేజీ విద్యార్థులు వచ్చేవారు, పత్తి వ్యాపారులు వచ్చేవారు, ఒకసారి మేనేజరు గారి వియ్యంకులు కూడా వచ్చారు. ఎవరు వచ్చినా గుమ్మం దగ్గర చెప్పులు విడవాల్సిందే. దుమ్ము పడితే యంత్రం పాడవుతుందని అప్పట్లో అందరూ పాటించే నియమం అది. మా అటెండరు మల్లయ్య దాన్ని గుడి నియమంగానే పాటించాడు. సర్వర్‌కు రోజూ బొట్టు పెట్టడం ఒక్కటే నేను మాన్పించగలిగాను, అది కూడా దసరా మినహాయింపు ఇచ్చి.

నోడ్లలో హార్డ్ డిస్కులు లేవు. పొద్దున వాటిని నిద్ర లేపాలంటే బూట్ ఫ్లాపీ కావాలి. ఫ్లాపీ అంటే అరచేతి కంటే కొంచెం పెద్దగా, చతురస్రంగా, అప్పడంలా వంగే నల్లని డిస్కు. బూట్ ఫ్లాపీని నోడ్‌లో పెట్టి స్విచ్ వేస్తే అది లేచి సర్వర్‌తో మాట కలుపుతుంది. ఆ తర్వాత ఫ్లాపీ తీసేసినా పని నడుస్తుంది. మామూలుగా ప్రతి నోడ్‌కూ ఒక బూట్ ఫ్లాపీ ఇస్తారు. నేను ఇవ్వలేదు. ఒకే ఒక్కటి తయారుచేసుకుని చొక్కా జేబులో పట్టదు కాబట్టి నా తోలు సంచిలో పెట్టుకునేవాణ్ని. దాని నకలు ఒకటి సీలు వేసిన కవరులో మేనేజరు బీరువాలో ఉండేది. భద్రత కోసం ఈ ఏర్పాటు అని చెప్పేవాణ్ని. అసలు సంగతి, పొద్దున్నే ఆరు నోడ్ల దగ్గరికీ వరసగా వెళ్లి ఒక్కొక్కటీ తెరుస్తుంటే ఆపరేటర్లు నిలబడి ఎదురుచూసేవారు. ఆ కాసేపూ నాకు చాలా బాగుండేది.

ఇంకో ముచ్చట కూడా తీర్చుకున్నాను. ఏ నోడ్ ఎన్ని గంటలకు తెరిచానో ఆ ఫ్లాపీలోనే నమోదయ్యేలా చిన్న ప్రోగ్రాం రాశాను. ఫ్లాపీకి పక్కన ఒక చిన్న గంటు ఉంటుంది. దాని మీద వెండిరంగు స్టిక్కర్ అతికిస్తే ఆ ఫ్లాపీ మీద ఇక ఎవరూ ఏమీ రాయలేరు, చదవగలరంతే. బూట్ ఫ్లాపీకి ఆ స్టిక్కర్ తప్పనిసరి అని ట్రైనింగులో మొదటి రోజే చెప్పారు. నా టైములు నమోదు కావాలి కదా, అందుకని నేను స్టిక్కర్ వేయలేదు.

మరుసటి ఏడాది వానాకాలంలో బంతి వచ్చింది.

మొదట చూసింది సుజాత. మా ముగ్గురు ఆపరేటర్లలో చిన్నది, ప్రొబేషన్‌లో ఉంది. వాళ్ల నాన్న కొత్తవాడలో మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. బి.కాం. చేసి, హన్మకొండలో కంప్యూటర్ కోర్సు నేర్చుకుని మా దగ్గర చేరింది. ఒక మధ్యాహ్నం ఆమె నన్ను పిలిచి, తెర మీద ఏదో తిరుగుతోందని చెప్పింది. వెళ్లి చూస్తే తూకాల అంకెల మధ్య నుంచి ఒక చుక్కలాంటి బంతి అటూ ఇటూ దూకుతోంది. గోడకు తగిలినట్టు తెర అంచుకు తగిలి వెనక్కి వస్తోంది. మెషీన్ ఆపి, మళ్లీ తెరిచాను. పోయింది. కాసేపయ్యాక పక్క నోడ్‌లో కనబడింది.

కంప్యూటర్ వైరస్ అనే మాట అప్పటికి పత్రికల్లో చదివి ఉన్నానే గాని కళ్లతో చూడలేదు. మనకు తెలియకుండా ఫ్లాపీలోకి ఎక్కి, అక్కడి నుంచి మెషీన్‌లోకి, మెషీన్ నుంచి ఇంకో ఫ్లాపీలోకి తనను తాను నకలు చేసుకునే దొంగ ప్రోగ్రాం అది. మల్లయ్య అడిగితే అంటురోగం లాంటిదని చెప్పాను. మర్నాడు వచ్చేసరికి కంప్యూటర్ గది గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. తీసేయమన్నాను. బ్రాంచి మేనేజరు నర్సింహారెడ్డి గారు అటుగా వచ్చి, "ఉండనియ్యవయ్యా, నీ మందు దొరికేదాంక ఇది పనిచేస్తది," అన్నారు. వేపమండలు దసరా దాకా ఉన్నాయి. నేను పరీక్షించిన మందులన్నిటిలో ఖర్చు లేనిది అదొక్కటే. ఫలితంలో మిగతా వాటికి అదేం తీసిపోలేదు.

బంతి దూకితే నష్టమేమిటని మేనేజరు గారు మొదట తేలిగ్గానే తీసుకున్నారు. అయితే నెక్కొండలో మాకు జిన్నింగ్ మిల్లు ఉంది. అక్కడ రైతుల పత్తి తూకాలు ఫ్లాపీల్లోకి ఎక్కించి రోజూ ప్యాసింజరు బండిలో మాకు పంపేవారు. ఒక సాయంత్రం ఆ ఫ్లాపీల్లో రెండు చదవడానికి రాలేదు. సీజన్ కాదు కాబట్టి అందులో ఉన్నవి పాత తూకాలే, కాగితం చూసి మళ్లీ కొట్టించాం. దసరా దాటితే బండ్లు బారులు తీరుతాయి. అప్పుడు తూకం ఫ్లాపీ చెడిపోతే మిల్లు గేటు దగ్గర రైతులకు జవాబు చెప్పాల్సింది మేనేజరే. ఆయన నన్ను గదిలోకి పిలిచి, దసరాలోపల మంచి యాంటీవైరస్ ప్యాకేజీ ఒకటి చూసి కొనమని, ఆ వైరస్ ఎక్కడినుంచి వచ్చిందో కూడా రాతపూర్వకంగా తేల్చమని చెప్పారు. ఈ రెండో పని నాకు మొదటిదానికంటే ఎక్కువ నచ్చింది.

ప్యాకేజీ ఎంచుకోవడం అప్పట్లో ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి. అడగడానికి మనిషి లేడు, చదవడానికి పుస్తకం లేదు. నేను మూడు ప్రశ్నలు రాసుకున్నాను. ఒకటి, మన బంతిని గుర్తుపడుతుందా? రెండు, గుర్తుపట్టాక ఫ్లాపీలోని సమాచారం చెడకుండా దాన్ని తీసేయగలదా? మూడు, కాపలాకు మెమరీలో కూర్చుంటే ఎంత చోటు తింటుంది? ఈ మూడోది నెట్‌వర్క్ ఉన్నవాళ్ల బాధ. నోడ్ మెమరీలో నెట్‌వర్క్ ప్రోగ్రాం ఒక మూల కూర్చునేది, మా తూకాల ప్రోగ్రాం మిగతాదంతా ఆక్రమించేది. కాపలావాడు కాస్త లావుగా ఉన్నా తూకాల ప్రోగ్రాం లోపలికి రానని మొరాయించేది.

మూడు ప్యాకేజీలు దొరికాయి. మొదటిది విదేశీ సరుకు, మెరిసే అట్టపెట్టెలో వచ్చింది. అది బంతిని గుర్తుపట్టింది కాని, కాపలాకు కూర్చోబెడితే మా తూకాల ప్రోగ్రాం తెరుచుకోలేదు. రెండోది హన్మకొండలో కంప్యూటర్ ట్రైనింగ్ సెంటర్ నడిపే నా స్నేహితుడు ఇచ్చిన నకలు. దాని భయం మరీ ఎక్కువ, మా జీతాల ప్రోగ్రాంను కూడా వైరస్ అంది. జీతాలు మింగేది ఏదైనా వైరసే కదా అని అకౌంటెంటు సంతోషించాడు. మూడోది మన దేశంలోనే ఎవరో ఇంజనీర్లు తయారుచేసింది. దాన్ని హైదరాబాద్ నుంచి అజీజ్ అనే కుర్ర ఏజెంటు తెచ్చాడు. పెట్టె లేదు, ప్లాస్టిక్ కవరులో ఒక ఫ్లాపీ, సైక్లోస్టైల్ చేసిన నాలుగు కాగితాలు. పెట్టె లేనిదాన్ని చూసి నా మనసు సగం అక్కడే విరిగింది.

పరీక్ష పద్ధతి నేనే పెట్టాను. సాయంత్రం ఆఫీసు అయ్యాక ప్యాకేజీతో వచ్చిన శుభ్రమైన ఫ్లాపీతో మెషీన్ తెరిచి, ఆఫీసులోని ఫ్లాపీలన్నీ ఒక్కొక్కటిగా చూసి, వైరస్ ఉన్నవాటిని శుభ్రం చేసి బీరువాలో పెట్టి తాళం వేయాలి. మర్నాడు మధ్యాహ్నంలోపు బంతి కనబడకపోతే ప్యాకేజీ పాసు. కనబడితే ఫెయిలు. మూడింటికీ వేరువేరు వారాల్లో ఈ పరీక్ష పెట్టాను. మూడూ ఫెయిలయ్యాయి. సాయంత్రం ఒక్క ఫ్లాపీలో కూడా లేని బంతి మర్నాడు భోజనాల లోపే హాజరు.

అజీజ్ మాత్రం ఒప్పుకోలేదు. ఈ జాతి వైరస్ కేబుల్ ద్వారా పాకదని, ఫ్లాపీ నుంచే ఎక్కుతుందని, కాబట్టి చూడని ఫ్లాపీ ఏదో ఆఫీసులో ఉండి తీరాలని ఓపిగ్గా చెప్పాడు. అంతా చూశామన్నాను.

"సార్, నోడ్లు తెరిచే ఫ్లాపీ జర ఇస్తరా? కాపలా ప్రోగ్రాం ఎట్లయినా దాంట్లనే పెట్టాలె," అన్నాడు.

అది నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండదని, నా సంచి దాటి పోదని, దాన్ని బయటి ఏజెంట్ల చేతికి ఇచ్చే ప్రశ్నే లేదని చెప్పాను. తన సరుకు పనిచేయకపోతే ఆ తప్పు నా ఫ్లాపీ మీద పెట్టవద్దని కూడా అన్నాను. అతను సలాం చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత రైసు మిల్లుల సంఘం ఆఫీసువాళ్లు ఏ ప్యాకేజీ మంచిదని అడిగితే, అజీజ్ తెచ్చింది మాత్రం దండగ అని చెప్పాను. వాళ్లు అడిగింది ఒక్క మాటే. నేను పది మాటలు చెప్పాను.

మందుల్లో లోపం ఉంటే మూడూ ఒకేలా ఓడిపోవు. అది నాకూ తట్టింది. కానీ నేను తేల్చుకున్నది ఇది: ఎవరో రోజూ పొద్దున బయటి నుంచి వైరస్ ఉన్న ఫ్లాపీ తెస్తున్నారు. అంతే, గుమ్మం దగ్గర చెప్పులతో పాటు సంచుల తనిఖీ కూడా పెట్టించాను. మల్లయ్య ఒక బల్ల వేసుకుని ఆపరేటర్ల హ్యాండ్‌బ్యాగులు, టిఫిన్ డబ్బాలు, అకౌంటెంటు గారి గొడుగు కూడా చూసేవాడు. నేను వచ్చినప్పుడు లేచి నిలబడి తలుపు తెరిచేవాడు.

మూడో రోజో నాలుగో రోజో సుజాత బ్యాగులో ఫ్లాపీ దొరికింది. తన ట్రైనింగ్ సెంటర్ నాటి ఫ్లాపీ. అందులో టైపింగ్ పాఠాలు, ఒక ఇటుకల ఆట ఉన్నాయి. భోజనం వేళ టైపింగు వేగం పెంచుకోవడానికి వాడుకుంటున్నానని చెప్పింది. ప్యాకేజీతో చూశాను. వైరస్ ఉంది. ఇంకేం కావాలి నాకు?

"సార్, ఇది రెండు నెలల సంది ఇక్కడి మెషీన్లనే పెడుతున్న. ఇక్కడ్నుంచి దానికి ఎక్కిందేమో గద," అంది ఆమె.

ఆ మాటలో తర్కం ఉంది. పేషెంటు ఊరినుంచి జబ్బు తెచ్చిందా, ఆసుపత్రిలోనే అంటిందా అని అడిగినట్టు. నేను దాన్ని ఎదురు చెప్పడంగా తీసుకున్నాను. ఆ సాయంత్రమే మేనేజరు గారికి మెమో రాశాను. అనుమతి లేకుండా బయటి ఫ్లాపీ వాడటం వల్ల నెట్‌వర్క్‌కు వైరస్ సోకిందని, ప్రొబేషన్‌లో ఉన్న ఈ ఉద్యోగిని ఖాయం చేయడం సంస్థకు క్షేమం కాదని అందులో సారాంశం. ఆమె ఖాయం కావాల్సింది ఆ దసరాకే. వాళ్ల ఇంట్లో మగ్గం కాక నెలకు కచ్చితంగా వచ్చే జీతం అదొక్కటే అని నాకు తెలుసు. తెలిసే రాశాను. భాష కూడా బాగా కుదిరిందని రెండుసార్లు చదువుకున్నాను.

మేనేజరు గారు వెంటనే సంతకం చేసే మనిషి కాదు. మెమోను తన బల్ల మీద గాజు బరువు కింద పెట్టి, పండగ అయినంక చూద్దామన్నారు.

ఈలోగా నెక్కొండ మిల్లులో కొత్త కంప్యూటర్ పెట్టడానికి నేను రెండు రోజులు అక్కడే ఉండాల్సి వచ్చింది. పోయేముందు మేనేజరు బీరువాలోని సీలు కవరు తీసి, ఆ నకలుతో నోడ్లు తెరవమని సుజాతకు అప్పగించక తప్పలేదు. పెద్ద ఆపరేటర్లు ఇద్దరూ అప్పటికే పండగ సెలవు పెట్టారు. తిరిగి వచ్చి అడిగితే రెండు రోజులూ బంతి కనబడలేదని మల్లయ్య సంబరంగా చెప్పాడు. దొంగకు బెదురు పుట్టిందని నేను మనసులోనే నిర్ధారించుకున్నాను. నకలును మళ్లీ కవరులో పెట్టి సీలు వేశాను.

మర్నాడు సద్దుల బతుకమ్మ. సుజాత సెలవు పెట్టింది. బయట రోడ్డు మీద తంగేడు పూల మోపులు అమ్ముతున్నారు. ఆఫీసులో నేను, అకౌంటెంటు, మల్లయ్య తప్ప ఎవరూ లేరు. అలవాటు ప్రకారం నా ఫ్లాపీ తీసి ఆరు నోడ్లూ తెరిచాను. నిలబడి చూసేవాళ్లు లేకపోయినా తెరిచాను. తూకాలు కొన్ని సరిచూసుకుంటూ కూర్చున్నాను. తలెత్తేసరికి సుజాత నోడ్‌లో, ఖాళీ కుర్చీ ముందు, బంతి దూకుతోంది.

లేచి ఆ కుర్చీ దగ్గరికి వెళ్లాను. ఆమె లేదు. ఆమె బ్యాగు లేదు. ఆ మెషీన్‌లోకి ఆ రోజు వెళ్లిన ఫ్లాపీ ఒక్కటే.

పరీక్షకని అజీజ్ వదిలివెళ్లిన ప్లాస్టిక్ కవరు బయటికి తీశాను. దానిలోని ఫ్లాపీతో మెషీన్ తెరిచి, నా బూట్ ఫ్లాపీని లోపల పెట్టాను. వైరస్ ఉందని, పేరుతో సహా, తెర మీద వచ్చింది. ఆ ఫ్లాపీలో ఇంకా ఏముందో చూశాను. నా టైముల ఫైలు ఉంది. దాని కింద జాతకాల ప్రోగ్రాం ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. వానాకాలం మొదట్లో మా మరదలికి సంబంధం వచ్చింది. కంప్యూటర్ జాతకం అప్పట్లో కొత్త మోజు. పుట్టిన టైము కొడితే చక్రం వేసి ఇస్తుంది. హన్మకొండ స్నేహితుడి ట్రైనింగ్ సెంటర్‌లో ఆ ప్రోగ్రాం ఉంది. ఒక ఆదివారం వెళ్లి పిల్లకూ పిల్లవాడికీ జాతకాలు తీయించాను. బాగుందని ప్రోగ్రాం కూడా అడిగాను. ఫ్లాపీ ఉందా అన్నాడు. సంచిలో ఉన్నది అదొక్కటే. దానికి స్టిక్కర్ లేదు. ఎక్కించి ఇచ్చాడు. రోజంతా ఊళ్లో పిల్లలందరూ తమ తమ ఫ్లాపీలు పెట్టి తీసే మెషీన్ అది. నా సంచి దాటి పోని ఫ్లాపీ ఆ విధంగా వెళ్లి, అంటించుకుని, మర్నాటి నుంచి రోజూ పొద్దున నా చేతులతోనే ఆరు నోడ్లకూ పంచుతూ వచ్చింది. సాయంత్రం మిగతా ఫ్లాపీలన్నీ కడుగుతుంటే ఇది నా సంచిలో హాయిగా ఉండేది. ఆఫీసు ఫ్లాపీల లెక్కలోకి అది వస్తుందని నాకు ఏ రోజూ తోచలేదు.

ఇక్కడ ఆగి, చేసిన తప్పు ఒప్పుకున్నానని రాయగలిగితే బాగుండేది. నేను చేసింది వేరు. ఫ్లాపీని శుభ్రం చేశాను, జాతకాలు చెరిపేశాను, గంటు మీద స్టిక్కర్ అతికించాను, నోడ్లు కొత్తగా తెరిచాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. బంతి మళ్లీ రాలేదు. దసరా నాడు ఆయుధ పూజలో మల్లయ్య సర్వర్‌కు కుంకుమ పెట్టి, ఇక ఫికర్ లేదన్నాడు. మెమో సంగతి మేనేజరు గారు మర్చిపోతారని, సుజాత మామూలుగా ఖాయమవుతుందని, అంతా సద్దుమణుగుతుందని నాకు నేను చెప్పుకున్నాను. శుభశకునమని పండగ నాడు పాలపిట్టను కూడా చూశాను.

మేనేజరు గారు మర్చిపోలేదు. పండగ తర్వాత మొదటి రోజే పిలిచారు. నా మెమో గాజు బరువు కింద లేదు, ఆయన చేతిలో ఉంది. పక్కన సుజాతను ఉద్యోగంలోంచి తీసేస్తూ టైపు చేసిన ఉత్తర్వు ఉంది.

"నువ్వు రాసింది కరెక్టేనయ్యా. పిల్ల సంచి పట్టుకున్నవ్, రోగం బంద్ అయింది. నాకు మనసొప్పుతలేదు గని, ఏం చేస్తం," అని పెన్ను మూత తీశారు.

నా మౌనం మెమోకు సాక్ష్యంగా మారుతుందని నేను ఊహించలేదు. బంతి ఆగిపోవడమే ఆమె నేరానికి రుజువైంది. దాన్ని ఆపింది నేను. ఆయన పెన్ను కాగితం మీద పెట్టేలోపు చెప్పాలి. చెప్పాను. వరసగా, హుందాగా చెప్పలేదు. ముందు స్టిక్కర్ గురించి మొదలుపెట్టి, నెక్కొండ వెళ్లి, బతుకమ్మ దగ్గరికి వచ్చి, చివరికి మరదలి పెళ్లి సంబంధం దాకా వెళ్లాను. ఆయన మధ్యలో ఆపకుండా విన్నారు. పెన్ను మూత పెట్టారు. ఉత్తర్వును నాలుగు ముక్కలు చేశారు.

"ఏందయ్యా, ఊరందరి జాతకాలు తీసినవ్. నీ జాతకంల ఇది రాలేదా?"

సంబంధం కుదిరిందా అని అడిగారు. కుదరలేదన్నాను. దాంతో ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. నవ్వు అయ్యాక, మెమో ఎంత స్పష్టంగా రాశావో ఇది కూడా అంతే స్పష్టంగా రాసి తెమ్మన్నారు. రాశాను. ఆ భాష అంత బాగా కుదరలేదు.

సుజాతకు కూడా నేనే చెప్పాలని షరతు పెట్టారు. ఆమె నోడ్ దగ్గరికి వెళ్లి చెప్పాను. మెమోలో ఏం రాశానో కూడా చెప్పాను, అది ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఆమె చేతులు కీబోర్డు మీద నుంచి తీసి ఒడిలో పెట్టుకుంది.

"పండగకు నాన్నకు అంగీ గుడ్డ కొన్న సార్, ఉద్యోగం ఖాయమైతదని," అంది. చేతులు మళ్లీ కీబోర్డు మీదికి తెస్తూ, "అందరి సంచులు వెతికిచ్చిన్రు. మీ సంచి ఒక్కటే చూడలే," అంది.

పర్వాలేదనలేదు. నేను కూడా ఆమె నుంచి ఆ మాట ఆశించే స్థితిలో లేను. ఖాయం చేస్తూ ఉత్తర్వు ఆ వారంలోనే వచ్చింది.

అజీజ్‌కు ఉత్తరం రాస్తే వచ్చాడు. ఈసారి బూట్ ఫ్లాపీ అడగకముందే ఇచ్చాను. ప్రతి నోడ్‌కూ వేరుగా బూట్ ఫ్లాపీ చేసి, కాపలా ప్రోగ్రాం అందులో పెట్టి, స్టిక్కర్ అతికించి ఆపరేటర్లకు పంచాం. కాపలావాడు సన్నగా ఉండటంతో తూకాల ప్రోగ్రాం ఏ పేచీ లేకుండా తెరుచుకుంది. నా మూడు ప్రశ్నలకూ సరిగ్గా జవాబు చెప్పిన ప్యాకేజీ మొదటి నుంచీ అదొక్కటే. రైసు మిల్లుల సంఘంలో తన సరుకు గురించి నేను చెప్పిన మాట అతనికి చేరింది. ఆ బేరం చేజారింది. అందుకు బదులుగా మా కంపెనీ కాగితం మీద యోగ్యతాపత్రం రాసిచ్చాను. ప్యాకేజీ బాగా పనిచేస్తుందని రాసి, తొలి పరీక్షలో కనబడిన వైఫల్యం ప్యాకేజీది కాదు, నాది అని చివరి వాక్యం చేర్చాను. అతను చదివి, జిరాక్స్ తీసేటప్పుడు ఆ వాక్యం మీద ఒక తెల్ల కాగితం అడ్డం పెట్టాలనుకుంటున్నానని చెప్పాడు.

"గా లైన్ మీ కోసం సార్. గిరాకీకి ఎందుకు?" అన్నాడు. అడ్డం పెట్టవద్దని నేను కోరాను. రైసు మిల్లుల సంఘానికి ముందు ఆ వాక్యంతోనే చూపించమన్నాను. చూపించాడు. బేరం తిరిగి వచ్చిందని తర్వాత విన్నాను.

వేపమండలు తీసేసిన చోట, గుమ్మం బయట, చెప్పుల స్టాండు పక్కన ఒక పాత కంప్యూటర్ పెట్టాం. దానికి కేబుల్ లేదు, నెట్‌వర్క్‌తో సంబంధం లేదు. నెక్కొండ నుంచి వచ్చినా, హెడ్ ఆఫీసు నుంచి వచ్చినా, ప్రతి ఫ్లాపీనీ ముందు అందులో చూసి, లోపం లేదని ముద్ర వేసిన తర్వాతే లోపలికి పంపాలి. ఆ బాధ్యతను మేనేజరు గారు సుజాతకు ఇచ్చారు. ఆ సీజన్‌లో నెక్కొండ తూకం ఒక్కటి కూడా పోలేదు.

ఆ కంప్యూటర్ పెట్టిన మొదటి రోజు నేను అలవాటుగా తలుపు వైపు నడిచాను. మల్లయ్య లేచి నిలబడ్డాడు గాని తలుపు తెరవలేదు. సుజాత కుర్చీలోంచి చెయ్యి చాపింది.

"సార్, సంచి."

ఇచ్చాను. టిఫిన్ డబ్బా మూత కూడా తీసి చూసింది. నేను వరంగల్‌లో ఉన్నంతకాలం, రోజూ పొద్దున, ఆఫీసులో మొదట తనిఖీ అయ్యే సంచి నాదే. ఒక్క రోజు కూడా ఆమె వదిలిపెట్టలేదు, నవ్వనూ లేదు.

తర్వాత వేరే బ్రాంచిల్లో, వేరే కంపెనీల్లో చాలా ప్యాకేజీలు ఎంపిక చేశాను. ప్రశ్నల పట్టిక మూడు నుంచి ముప్పైకి పెరిగింది. ఏ పట్టికలోనైనా మొదటి ప్రశ్న మాత్రం ఒక్కటే ఉండేది: ఈ ఆఫీసులో తనిఖీ లేకుండా లోపలికి పోతున్నది ఎవరు? దానికి జవాబు దొరికాకే ప్యాకేజీ సంగతి. చాలా చోట్ల ఆ జవాబు ఏసీ గదిలో కూర్చునేది.